చిన్న కారులో కరెంటు సమస్య: విడిభాగం మార్చే ముందు మల్టీమీటరుతో కనిపెట్టడం ఎలా

ఈ కాలపు చిన్న కారులో కరెంటుకు సంబంధించిన ఫిర్యాదులు ఎన్ని రూపాల్లో వచ్చినా, వాటిలో ఎక్కువ భాగం చివరకు బలహీనపడిన బ్యాటరీ దగ్గరో, వదులైన టెర్మినల్ దగ్గరో, తుప్పు పట్టిన బాడీ ఎర్త్ (కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్ళే అతుకు) దగ్గరో, నీరు చేరిన కప్లర్ (తీగలను కలిపే ప్లగ్గు) దగ్గరో తేలుతాయి. చిక్కు ఎక్కడంటే, ఇంజను, బ్రేకులు, స్టీరింగు, తలుపుల తాళాలు ఇప్పుడు వేటికవి ఒక్కొక్క కంట్రోల్ యూనిట్, అంటే చిన్న కంప్యూటరు, కింద పనిచేస్తాయి. సెల్ఫ్ కొట్టే వేళ వోల్టేజీ బాగా పడిపోతే ఆ యూనిట్లు ఒక్కొక్కటీ తనకు తోచిన తప్పును నమోదు చేసుకుని డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తాయి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) దీపం చూసి చక్రం దగ్గరి సెన్సరును, స్టీరింగు దీపం చూసి స్టీరింగు మోటారును అనుమానించడం అక్కడే మొదలవుతుంది. కొలవకుండా ఏ భాగాన్నీ మార్చవద్దు. తీగను కొలిచేటప్పుడు కూడా దానిలో కరెంటు పారుతున్న సమయంలోనే కొలవండి. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఈ రెండు నియమాల మీదే నడుస్తుంది.

ఇది 12 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్రోలు, డీజిలు కార్లకు వర్తిస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు కేబుళ్ళ జోలికి ఇంటి దగ్గర వెళ్ళకూడదు.

కావలసిన సామాను, ముందు జాగ్రత్తలు

పది ఆంపియర్ల వరకు కొలవగల డిజిటల్ మల్టీమీటరు, టెస్ట్ లాంపు (ఒక కొన ఎర్త్‌కు తగిలించి, రెండో కొనతో తాకిన చోట కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం), పది నంబరు స్పానరు, సన్నని ఉప్పుకాగితం, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, రకానికి రెండు చొప్పున విడి ఫ్యూజులు, బండితో వచ్చిన యజమాని పుస్తకం ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసి, కంట్రోల్ యూనిట్లు నమోదు చేసిన తప్పుల కోడ్లను చదివే ఓబీడీ పరికరం ఉంటే మంచిదే కానీ, మల్టీమీటరు లేకుండా అది ఒక్కటే ఉంటే మాత్రం దారి తప్పించే అవకాశమే ఎక్కువ.

బ్యాటరీ విప్పవలసి వస్తే ముందుగా నెగటివ్ తీగను తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివరగా బిగించండి. పాజిటివ్ తీగను ముందు విప్పబోతే స్పానరు బండి ఇనుముకు తగిలిన క్షణంలో వందల ఆంపియర్ల కరెంటు దాని గుండా పారుతుంది. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసి పక్కన పెట్టండి. తాళం చెవి బండి లోపల వదలకుండా, ఒక కిటికీ అద్దం దించి ఉంచండి. పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. వాటిలో టెస్ట్ లాంపు గానీ, మల్టీమీటరు పుల్ల గానీ పెట్టరాదు. ఆ చుట్టుపక్కల పని తప్పనిసరి అయితే బ్యాటరీ విప్పి, యజమాని పుస్తకం చెప్పినంతసేపు ఆగిన తరువాతే చేయి పెట్టాలి.

పనిముట్టు పట్టుకునే ముందు కాగితం తీసుకుని, సమస్య ఎప్పుడు వస్తోంది, దానితో పాటు ఇంకేమేమి పనిచేయడం లేదు అన్నది రాయండి. ఒకే ఒక్క వస్తువు ఆగిపోతే ఆ వస్తువునూ, దాని తీగనూ చూడాలి. రెండు మూడు కలిసి ఆగిపోతే వాటి మధ్య ఉమ్మడిగా ఉన్నదేమిటో, అంటే ఒకే ఫ్యూజా, ఒకే ఎర్తా, ఒకే కప్లరా అన్నది వెతకాలి. కుడివైపు అద్దం, ఆ తలుపు తాళం, ఆ తలుపులోని స్పీకరు మూడూ ఒకేసారి మొరాయిస్తే అవి మూడూ విడివిడిగా చెడిపోయాయనుకోవడం కంటే, తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో తీగలు విరిగాయనుకోవడమే సబబు.

మొదటి దశ: బ్యాటరీ

బండి రాత్రంతా ఆగి ఉన్న తరువాత, ఉదయం ఏదీ వెలిగించక ముందే బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజీ చూడండి. 12.6 లేదా అంతకు కాస్త ఎక్కువ ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర ఉంటే సుమారు ముప్పాతిక, 12.2 అయితే సగం, 12 కంటే దిగితే దాదాపు ఖాళీ అని లెక్క. అప్పుడే తిరిగి వచ్చిన బండిలో ఈ అంకె నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది కనుక దాన్ని నమ్మకండి.

నిండుగా కనిపించిన బ్యాటరీ మంచిదని ఇంకా తేలలేదు. మీటరు పుల్లలు అలాగే ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇంజను తిరుగుతున్న ఆ కొద్ది క్షణాల్లో వోల్టేజీ 9.6 కంటే కిందికి పోకూడదు. ఆగి ఉన్నప్పుడు 12.5 చూపి, సెల్ఫ్ కొట్టగానే ఏడుకో ఎనిమిదికో పడిపోతే లోపల ప్లేట్లు దెబ్బతిన్నట్టే. అయితే బ్యాటరీ 12.2 దగ్గర ఉన్నప్పుడే ఈ పరీక్ష చేసి అది పోయిందని తీర్పు చెప్పడం అన్యాయం. ముందు ఛార్జరు పెట్టి నిండుగా ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, మళ్ళీ చూడాలి. చలి దేశాల్లో బ్యాటరీ శీతాకాలంలో మొండికేస్తుంది కానీ, దాని ఆయుష్షును తినేది ఎండ. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం, విజయవాడ లాంటి చోట్ల ఎండలోనే నిలిపే బండి బ్యాటరీ చల్లని ఊళ్ళలోని బ్యాటరీ అంతకాలం మన్నుతుందని ఆశించకూడదు.

సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగి మళ్ళీ మొదలయ్యే సదుపాయం మీ కారులో ఉంటే, బ్యాటరీ మార్చేటప్పుడు ఆ పని కోసం తయారైన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకాన్నే కొనండి. ధర తక్కువని మామూలుది పెడితే అది త్వరగా పోతుంది.

రెండవ దశ: తీగలలో పోతున్న వోల్టేజీ

సెల్ఫ్ నీరసంగా తిరుగుతున్నా బ్యాటరీ మాత్రం పది వోల్టుల పైనే నిలబడితే, తేడా దారిలో ఉంది. పంపు విప్పనంతసేపూ గొట్టంలో ఒత్తిడి నిండుగా ఉన్నట్టే అనిపించి, విప్పాక సన్నని ధార మాత్రమే వస్తే పూడిక ఎక్కడో ఉందని ఎలా తెలుస్తుందో, కరెంటు పారుతున్నప్పుడు తీగ రెండు చివరల మధ్య వోల్టేజీ కనిపిస్తే అక్కడ అడ్డు ఉందని అలాగే తెలుస్తుంది. అందుకే ఆగి ఉన్న బండిలో తీగకు ఓములు (నిరోధం) కొలిచి బాగుందనుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఒక్క పోగు మిగిలిన మందపాటి కేబులు కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది.

మీటరును డీసీ వోల్టుల మీద ఉంచి, ఒక పుల్లను బ్యాటరీ నెగటివ్ సీసపు కొన మీద, రెండో దాన్ని రంగు లేని ఇంజను ఇనుము మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అదే పని పాజిటివ్ కొనకూ, సెల్ఫ్ మోటారు మీద లావు తీగ బిగించిన బోల్టుకూ మధ్య చేస్తే 0.5 వోల్టులు దాటకూడదు. దాటితే ఒక్కొక్క అతుకునూ విడిగా కొలుచుకుంటూ రండి. ఎక్కువసార్లు ఈ వెతుకులాట సీసపు కొనకూ దాని మీది క్లాంపుకూ మధ్యే ముగుస్తుంది. ఒకే టెర్మినల్ మీద ఆ రెండింటి మధ్య ఏకంగా అర వోల్టో ఒక వోల్టో పోతూ ఉంటుంది. క్లాంపు విప్పి, తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరనిచ్చి, లోపలి ముఖాన్ని ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్ది, గట్టిగా బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బిగించక ముందే పూయడం సరికాదు.

మూడవ దశ: ఛార్జింగు

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య కనిపించాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసినా 13.5 దాకా నిలబడాలి. పదిహేను దాటితే ఆల్టర్నేటరు, అంటే మన షెడ్లలో ఇప్పటికీ డైనమో అని పిలిచేది, దానిలోని రెగ్యులేటరు అదుపు తప్పినట్టు. ఇక్కడ కొత్త కార్లలో ఒక మెలిక ఉంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న నల్లని సెన్సరు పెట్టె కనిపిస్తే, ఛార్జింగు ఎంత ఉండాలో ఇంజను కంప్యూటరే నిర్ణయిస్తోందన్నమాట. బ్యాటరీ నిండినప్పుడు ఇంధనం ఆదా కోసం అది 12.6 వోల్టుల దగ్గరకు కూడా దించుతుంది. ఆ అంకె చూసి డైనమో పోయిందనకండి. హెడ్‌లైట్లు వేసి, ఇంజను వేగం కాస్త పెంచి, వోల్టేజీ లేస్తుందో లేదో చూడండి. తరువాత మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టులకు మార్చండి. అర వోల్టు లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే డైనమోలో డయోడు (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం) పోయి ఉండవచ్చు, ఆ డయోడే రాత్రిపూట బ్యాటరీని కూడా తాగేస్తుంది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, బండి ఆగకపోతే డైనమో మంచిదని చెప్పే పాత పరీక్ష ఒకటి ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. ఎవరు చేయబోయినా ఆపండి. బ్యాటరీ తొలగిన క్షణంలో ఎగసే వోల్టేజీకి కంట్రోల్ యూనిట్లు మాడిపోగలవు.

నాలుగవ దశ: దీపాలు, ఎర్తులు

బ్రేకు నొక్కితే వెనుక ఇండికేటరు మసకగా వెలగడం, లేదా ఇండికేటరు వేస్తే పార్కింగు దీపం దానితో పాటు కొట్టుకోవడం చిన్న కార్లలో తరచుగా చూసే సంగతి. స్విచ్చులు మార్చినా, బల్బులు మార్చినా ఇది పోదు. ఆ దీపపు పెట్టెలోని బల్బులన్నిటికీ ఎర్త్ తీగ ఒక్కటే. అది తెగినా, తుప్పు పట్టినా, బ్రేకు బల్బులోకి వచ్చిన కరెంటు వెనక్కి పోయే దారి లేక పక్క బల్బు ఫిలమెంటు గుండా, దాని తీగ గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. దీపాలు వెలిగించి ఉంచి, ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ దగ్గర, ఇంకొకటి హోల్డరు ఎర్త్ పిన్ను దగ్గర పెట్టి చూడండి, 0.2 వోల్టులు మించితే ఆ తీగ వెంట పోయి, అది బాడీకి బిగించిన బోల్టు విప్పి, కింది రంగూ తుప్పూ గీకి, మళ్ళీ బిగించండి. తీగ రంగు ఎక్కువ కార్లలో నలుపు, కొన్నింటిలో గోధుమ రంగు.

ఇండికేటరు ఒక వైపు మాత్రమే వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు ఒకటి పోయిందని అర్థం. హెడ్‌లైటు విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. 60/55 వాట్ల హెచ్4 బల్బుకు డిమ్ మీద దాదాపు నాలుగున్నర ఆంపియర్లు చాలు. దాని స్థానంలో 100/90 వాట్లది పెడితే కరెంటు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకు తగ్గ తీగలూ రిలేలూ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) వేయకపోతే కప్లరు కరిగి నల్లబడుతుంది. రాత్రి దారి బాగా కనిపించడం లేదనుకునేవారు ముందు లెన్సు పసుపు తీయించడం, ఎర్త్ సరిచేయడం మేలు.

ఐదవ దశ: ఫ్యూజులు, రిలేలు

సాధారణంగా ఫ్యూజుల పెట్టెలు రెండు ఉంటాయి: డ్రైవరు మోకాళ్ళ దగ్గర డ్యాష్‌బోర్డు కింద ఒకటి, బానెట్ కింద బ్యాటరీ పక్కన ఇంకొకటి. ఫ్యూజును పీకి కళ్ళతో చూడడం కంటే, ఇగ్నిషన్ వేసి దాని నెత్తి మీద కనిపించే రెండు చిన్న ఇనుప చుక్కలనూ టెస్ట్ లాంపుతో తాకడం నయం. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు మంచిది, ఒక వైపే వెలిగితే పోయింది, రెండు వైపులా వెలగకపోతే అక్కడిదాకా కరెంటే రావడం లేదు. రంగులు గుర్తుంచుకోవడం తేలిక: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పది ఫ్యూజు పోయిన చోట ఇరవై పెట్టడం, రేకు చుట్టడం తీగలకు నిప్పు పెట్టడమే అవుతుంది, ఎందుకంటే ఫ్యూజు కాపాడేది తీగను.

కొత్త ఫ్యూజు వేయగానే అదీ పోతే షార్టు ఉన్నట్టు. ఫ్యూజుల డబ్బా ఖాళీ చేసుకోకుండా, ఆ ఖాళీ గడిలో ఫ్యూజుకు బదులు 21 వాట్ల ఇండికేటరు బల్బును రెండు తీగలతో కలపండి. షార్టు ఉన్నంతసేపూ బల్బు పూర్తిగా వెలుగుతుంది, కానీ రెండు ఆంపియర్ల కంటే తక్కువే పారనిస్తుంది కనుక ఏదీ మాడదు. ఇక ఆ సర్క్యూటుకు చెందిన తీగల కట్టను ఒక్కొక్క చోట కదుపుతూ, కప్లర్లు ఒక్కొక్కటే విడదీస్తూ రండి. బల్బు ఆరిన చోటో మసకబారిన చోటో షార్టు దొరుకుతుంది. డిక్కీ తలుపు కీలు, పక్క తలుపుల రబ్బరు గొట్టాలు, సైలెన్సరు దగ్గరగా పోయే తీగలు, అన్నిటికంటే ముందు, బయట షాపులో వేయించిన ఫాగ్ లాంపులు, పెద్ద హారన్ల తీగలు అనుమానించదగినవి.

రిలేను పరీక్షించడానికి అదే పెట్టెలో అదే నంబరుతో ఉన్న ఇంకో రిలేతో మార్చి చూడడం చాలు. టక్ మన్న శబ్దం వచ్చినంత మాత్రాన లోపలి పాయింట్లు కలుస్తున్నాయని కాదు. కొన్ని కొత్త కార్లలో రిలేలు కంట్రోల్ యూనిట్ బోర్డుకే అతికించి ఉంటాయి కనుక ఈ మార్పిడికి వీలుండదు.

ఆగి ఉన్న బండి బ్యాటరీని తాగేస్తుంటే

ఇది ఓపిక కోరే పని. ఆపి ఉంచిన బండి గడియారానికీ, అలారానికీ, కంప్యూటర్ల జ్ఞాపకానికీ 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకోవడం సహజం. చిన్న పెట్రోలు కార్లలో కనిపించే 35 ఆంపియర్ గంటల బ్యాటరీ అయితే 35 మిల్లీ ఆంపియర్ల లెక్కన నెల దాటాక గానీ ఖాళీ కాదు. అదే 350 అయితే రెండు రోజుల్లో సగం అయిపోతుంది.

బానెట్ తెరిచి, దాని తాళాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసుకున్నట్టు చేయండి. తలుపులు మూసి లాక్ చేసి, రిమోట్ తాళాన్ని దూరంగా పెట్టండి. మీటరు ఎర్ర పుల్లను పది ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నెగటివ్ తీగ విప్పి, దానికీ బ్యాటరీ కొనకూ మధ్య మీటరును కలపండి. మీటరు కలిసి ఉన్నంతసేపూ ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు. మొదట రెండు మూడు ఆంపియర్లు కనిపించినా కంగారు పడవద్దు. యూనిట్లన్నీ నిద్రలోకి జారుకోవడానికి అరగంట, ఒక్కోసారి గంట కూడా పడుతుంది. అప్పటికీ అంకె దిగకపోతే ఫ్యూజులు పీకుతూ పోకండి, పీకి పెట్టగానే యూనిట్లు మేల్కొంటాయి. మీటరును తీసి, తీగ బిగించి, మళ్ళీ అంతసేపు ఆగి, మిల్లీ వోల్టుల మీద ప్రతి ఫ్యూజు నెత్తిన ఉన్న రెండు చుక్కల మధ్య కొలవండి. సున్నా చూపని ఫ్యూజు గుండానే కరెంటు పోతోంది. పని కాగానే ఎర్ర పుల్లను వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరచిపోకండి. అలాగే ఉంచి ఎవరైనా బ్యాటరీ వోల్టేజీ చూడబోతే మీటరు గుండా నేరుగా షార్టు అవుతుంది.

దొంగ ఎక్కువసార్లు బయటి నుంచి వచ్చిన సామానే అయి ఉంటుంది. స్టీరియోకు పసుపు తీగ ఎప్పుడూ ఉండే కరెంటుకు, ఎర్ర తీగ తాళం తిప్పితే వచ్చే కరెంటుకు ఇవ్వాలి. తొందరలో రెండింటినీ కలిపి చుట్టేస్తే స్టీరియో నిద్రపోదు. డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకరు, ఆరని డిక్కీ దీపం తరువాతి అనుమానితులు. ఓబీడీ సాకెట్‌లో వదిలేసిన బ్లూటూత్ పరికరం కూడా వీటిలో ఒకటి.

కోడ్లు చదవడం

బ్యాటరీ, ఎర్తులు సరిగ్గా ఉన్నాయని తేలిన తరువాతే ఓబీడీ పరికరం పెట్టండి. వచ్చిన కోడ్లన్నీ రాసుకుని, చెరిపి, బండి నడిపి, తిరిగి వచ్చిన వాటినే పట్టించుకోండి. పి0562 అంటే వోల్టేజీ తక్కువైందని, యు0100 అంటే ఇంజను కంప్యూటరుతో మాట కలవడం లేదని అర్థం. కోడు చెప్పేది ఏ సర్క్యూటులో తేడా ఉందో మాత్రమే, ఏ భాగం పోయిందో కాదు. కూలెంట్ వేడిని కొలిచే సెన్సరు గురించి పి0118 వస్తే, సెన్సరు కొనే ముందు దాని కప్లరు ఊడిందేమో, తీగ తెగిందేమో చూడాలి, ఎందుకంటే ఆ సర్క్యూటు తెగితే వచ్చే కోడు అదే.

యు అక్షరంతో మొదలయ్యే కోడ్లు గుంపుగా వస్తే బ్యాటరీ విప్పి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓములు చూడండి. యూనిట్ల మధ్య సందేశాలు మోసే క్యాన్ తీగల జత రెండు చివరలా 120 ఓముల చొప్పున ఉండడం వల్ల, ఆ పిన్నులు నేరుగా ఆ జతకు కలిసిన కార్లలో 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గర వస్తే రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఎలుకలు, వానలు

వానాకాలంలో వెచ్చదనం కోసం ఇంజను మీద చేరే ఎలుకలు ఇంజెక్టర్ల తీగలను, సెన్సర్ల తీగలను కొరకడం మన ఊళ్ళలో కొత్త కాదు. పొగాకు కాడలు కట్టేవారూ, స్ప్రేలు కొట్టేవారూ ఉన్నారు. వాటి మీద భరోసాతో బానెట్ తెరిచి చూడడం మాత్రం మానవద్దు. కొరికిన తీగను మెలితిప్పి టేపు చుడితే అది రెండో వానకు పచ్చబడుతుంది. అదే మందం తీగను తీసుకుని, అతుకులన్నీ ఒకే చోట పడకుండా ఎడంగా క్రింప్ చేసి లేదా టంకం వేసి, లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ గొట్టం తొడగండి. జంటగా మెలితిరిగి ఉన్న తీగలను ఆ మెలికతోనే తిరిగి కట్టండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో జరిగినట్టు బండి నీట మునిగితే, ఎంత ఆరినట్టు కనిపించినా తాళం తిప్పవద్దు. నెగటివ్ తీగ విప్పించి, బండిని లాగించి వర్క్‌షాపుకు చేర్చండి. సీట్ల కింది కార్పెట్ అడుగున పోయే కప్లర్లలో బురదనీరు వారాల తరబడి నిలుస్తుంది, కరెంటు ఉన్నప్పుడు ఆ పిన్నులు ఇంకా త్వరగా తినేసుకుపోతాయి.

బ్యాటరీ విప్పి బిగించాక కిటికీ అద్దాల ఆటో పద్ధతి, అంటే ఒక్క నొక్కుతో పూర్తిగా లేచే సదుపాయం, తప్పిపోవచ్చు. మరమ్మతు అయ్యాక అద్దాలను ఒకసారి పూర్తిగా పైకి లేపి స్విచ్చును కొద్దిసేపు అలాగే పట్టుకుంటే, చాలా కార్లలో అది తిరిగి కుదురుకుంటుంది. ఎయిర్‌బ్యాగు, స్టీరింగు మోటారు, ఇమ్మొబిలైజరు (వేరే తాళంతో ఇంజను మొదలవకుండా ఆపే ఏర్పాటు) తాళం జత చేయడం మాత్రం సరైన స్కానరు ఉన్న వర్క్‌షాపు పనులు. అక్కడికి వెళ్ళేటప్పుడు మీరు కొలిచిన, రాత్రంతా ఆగిన తరువాతి వోల్టేజీ, సెల్ఫ్ వేళ వోల్టేజీ, ఛార్జింగు, ఆగి ఉన్నప్పటి కరెంటు, తిరిగి వచ్చిన కోడ్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పాత భాగం ఏది మార్చినా దాన్ని మీకు తిరిగి ఇమ్మని ముందే చెప్పండి.